తలుపు మరచిపోవాలి

ఈ రోజుల్లో అన్ని ఇళ్ళలాగే మా తలుపు కూడా, ‘అంగీకరించు’ నొక్కినవారి ముఖాన్నీ పేరునూ కుకీగా దాచుకుంటుంది.

చెరువును ఆక్రమించాడని ఫిర్యాదు చేసినందుకు భైరవయ్య నా భర్తను ముందుగదిలోనే గొడ్డలితో నరికాడు. తర్వాత గొడ్డలిని నా మెడకు ఆనించాడు.

“కోర్టు నీ మాట నమ్మదు టీచరమ్మా, తలుపు మాటే నమ్ముద్ది. కుకీలన్నీ తుడిపెయ్.”

తుడిపేశాను. రోజూ సాయంత్రం తలుపు మా ఆయన్ని పేరు పెట్టి పలకరించేది. ఆ పేరు కూడా పోయింది.

భైరవయ్య బయటికి వెళ్ళబోతే, కొత్తవాళ్ళను ఆపినట్టే తలుపు ఆపింది.

“కుకీలు అంగీకరిస్తారా?”

“దీని గోలొకటి,” అని విసుక్కుంటూ, అందరిలాగే చదవకుండా నెత్తుటి వేలితో నొక్కేసి వెళ్ళిపోయాడు.

“భైరవయ్య గారు బయటికి వెళ్ళారు,” అని తలుపు నాకు చెప్పింది.

పోలీసులకూ అదే చెప్పమన్నాను.