ఎర్రనీళ్ల పక్కన

"ఇటు దిక్కు దిగకుండ్రి బిడ్డా."

చెరువు గట్టు మీద ఎవరో కొత్త మనిషి. అంతకుముందు కూడా ఇదే మాట అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. నర్మెట్ట దగ్గరి ఆ ఊళ్లో ఆడవాళ్లంతా చెరువుకు వచ్చారు. ఆ ఏడాది పాటల్లో గౌరమ్మతో పాటు తెలంగాణ కూడా ఉంది.

పైన వాన పడి వాగు ఎర్రగా పొంగింది. ఉరుకులు పెడుతూ వచ్చి చెరువులో పడుతోంది. దాని పక్కనే తేట నీళ్లు కదలక మెదలక ఉన్నాయి. ఆడవాళ్లు అక్కడే దిగారు.

ఎప్పుడైనా బతుకమ్మను వదిలాక వెనక నుంచి చేతులతో నీళ్లు నూకాలి. అప్పుడే అది లోపలికి పోతుంది. ఈసారి ఆ పని పడలేదు.

"నూకకుండనే పోతున్నది సూడుండ్రి," అంది సరోజ. ఉద్యమానికి ఊళ్లో ఆడవాళ్లను పోగేసేది ఆమే. "తల్లి తనంతట తనే సంబురంగ పోతున్నది. తెలంగాణ వచ్చినట్టే."

"వాగు గుంజుతున్నది బిడ్డా," అన్నాడు ఆ మనిషి. "ఉరికే నీళ్లు పక్క నీళ్లను ఉండనియ్యయి. తమల్ల కలుపుకుంటయి. పైకి నిలబడ్డట్టే కనవడ్తయి, కిందికెళ్లి గుంజుతయి."

పండుగ పూట ఆ మాటలేమిటి? సరోజ అతణ్ణి ఎగాదిగా చూసింది. పొట్టి జుట్టు. అచ్చం పోలీసు కటింగు.

"మఫ్టీల వచ్చినవా? బతుకమ్మ ఆడనియ్యొద్దని ఎవరు తోలిండ్రు నిన్ను?"

అతను వినడం లేదు. సరోజ బిడ్డ ప్రవళికనే చూస్తున్నాడు. ఆ పిల్ల వదిలిన చిన్న బతుకమ్మ ఎర్రనీళ్ల వైపు జారుతోంది. అందుకోవాలని పిల్ల దాని వెంట పోతోంది. నీళ్లు నడుము దాటాయి.

అతను బట్టలతోనే దూకాడు. పిల్ల జబ్బ పట్టి ఒడ్డుకు లాగాడు. ఆ పెనుగులాటలో పిల్ల చేతికి చిక్కిన చిన్న బతుకమ్మ ఒడ్డున జారి అతని కాలి కింద నలిగిపోయింది.

పిల్ల ఏడుపు అందుకుంది.

కీడెంచి మేలెంచాలంటారు. ఆ సాయంత్రం కీడెంచే తీరిక ఎవరికుంది? బతుకమ్మను తొక్కాడన్నదే అందరికీ కనిపించింది.

సరోజ అతని చెంప మీద కొట్టింది.

"ఉద్యమమంటే ఏందో ఎర్కేనా నీకు?"

అతను చెంప కూడా తడుముకోలేదు.

"పిల్లను పట్టుకో బిడ్డా," అని, తడి బట్టలతోనే కట్ట దాటి వెళ్లిపోయాడు.

సరోజ పేర్చిన పెద్ద బతుకమ్మ అప్పటికి ఎర్రనీళ్ల అంచుకు చేరింది. అక్కడ గిర్రున తిరిగింది. ఎవరో కిందికి లాగినట్టు ఒక్కసారిగా మునిగింది. కాసేపటికి ఎక్కడో చెరువు నడుమ తంగేడు పూలు విడివిడిగా తేలాయి.

పాట ఆగిపోయింది.

సరోజ బిడ్డను గుండెకు అదుముకుంది. కొట్టిన చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది.

"బాపూ," అని పిలుస్తూ కట్ట మీదికి పరిగెత్తింది. జనగామ బస్సు అప్పుడే మలుపు తిరిగింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

ఊళ్లో ఉద్యమ సభలు పెట్టే పోశాలు మోటారు సైకిలు మీద ఎదురొచ్చాడు.

"సరోజక్కా, ఒక పెద్దమనిషి గిటు వచ్చిండా? గుండు చేయించుకున్నడు, ఇప్పుడిప్పుడే ఎంటికెలు వస్తున్నయి. మన బతుకమ్మకు రమ్మని నేనే పిలిసిన. బస్సు కాడికి పొయ్యేసరికి జర ఆల్శమైంది, నడుసుకుంట వచ్చిండట."

సరోజ బస్సు పోయిన దిక్కే చూసింది.

"ఎవరు తమ్మీ ఆయన?"

"మానుకోట దిక్కు తండాల ఉంటడు, పేరు బీక్యా. ఊరేగింపు పోతాంటే సూద్దామని రోడ్డు పక్కకు నిలబడి, దాంట్లనే కలిసి, ఆఖరికి తెలంగాణ కోసం పానమిచ్చిన పిలగాడు హరిలాల్ లేడా, వాళ్ల నాయిన."