కొట్టంలో కాపురం

దొరోతా చేతిలోని తడిమట్టి బకెట్టు జారి, అప్పుడే తుడిచిన గడప మీద ఒలికిపోయింది.

ఆమె దాన్ని ఎత్తలేదు. పక్కనే చతికిలబడింది.

గేటు దగ్గర క్లేమెన్స్ ముసలాయన నిలబడి ఉన్నాడు. పోస్టాఫీసు మేడ మీద అద్దె గదిలో, మెట్లు దిగలేని భార్యతో ఉంటాడు. రోజూ ఈ వేళకి వస్తాడు.

"పొయ్యి ఆ మూల కడుతున్నారా అమ్మాయ్? ఉత్తరపు గోడకి కట్టండి. సముద్రం గాలి అటునుంచే కొడుతుంది."

"సరే తాతా."

"మంచం తూర్పు కిటికీ కింద వేసుకోండి. ఒంట్లో బాగోలేనివాళ్ళకి పొద్దుటెండ మంచిది."

"మా ఇంట్లో మంచం పట్టినవాళ్ళు ఎవరూ లేరు తాతా."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

ఒకప్పుడు అది రై ధాన్యం నూర్చిన కొట్టం. నల్లబడిన ఓక్ దూలాల చట్రం, వాటి మధ్య సున్నం కొట్టిన మట్టిగోడలు. ఏడాదిలో ఇల్లయిపోతుందనుకుని కొన్నారు. రెండో చలికాలం వచ్చేసింది. ఒక గోడ మెత్తితే ఇంకో గోడ బీటలిచ్చేది. పూర్తయిన ఒక్క గదిలో భార్యాభర్తలూ, పాపా ముగ్గురూ సర్దుకున్నారు. పాప దగ్గు తగ్గలేదు.

భర్త లేషెక్ లారీ మీద తిరుగుతూ, శనివారాలే ఇంటికొస్తాడు.

"మీ మేస్త్రీ వచ్చాడా?" అన్నాడు నడుం వాలుస్తూ.

"రాకుండా ఉంటాడా? ఇల్లు ఆయనదైనట్టు, మనం అద్దెకున్నట్టు."

"పోనీలే. ముసలి ప్రాణం, తోచదు."

సోమవారం కొత్త పొయ్యి గదంతా పొగ నింపింది. దొరోతా పాపని చంకనేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఉత్తరపు గోడకి కట్టమన్నానా..." అన్నాడు గేటు దగ్గర క్లేమెన్స్.

ఆమె గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"తాతా, ఇది మా ఇల్లు. అంత ముచ్చటగా ఉంటే మీరూ ఒకటి కొనుక్కోండి. మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి."

ఆయన కాసేపు దూలాల వంక చూశాడు.

"నిజమేనమ్మా," అని టోపీ చెవుల మీదికి లాక్కుని కదిలాడు.

మళ్ళీ రాలేదు. ఒక విసుగు తగ్గిందనుకుంది దొరోతా.

మంచు కరగకముందే ఆయన భార్య పోయింది. ఈస్టర్ వెళ్ళాక ఆయనా పోయాడు.

ఊరంతా వెళ్తుంటే దొరోతా కూడా శ్మశానానికి వెళ్ళింది. తిరిగొస్తుంటే, వాళ్ళకి కొట్టం అమ్మిన రెగీనా పక్కన చేరింది.

"రోజూ మీ గేటు దగ్గరికి వచ్చేవాడటగా?"

"వచ్చేవాడు. ఆయనకెందుకో అంత పట్టింపు."

రెగీనా వెనకొస్తున్నవాళ్ళని ముందుకి పోనిచ్చింది.

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఇప్పుడు మనిషే లేడుగా. ఆ కొట్టం నేను ముందు ఆయనకే మాటిచ్చానమ్మా. కాగితాలు రాసుకోడానికి వచ్చిన రోజునే, నువ్వు నిండు నెలలతో, అద్దింటివాళ్ళు పొమ్మన్నారని నా గుమ్మంలో నిలబడ్డావు. నిన్ను చూసి, 'వాళ్ళకిచ్చెయ్ రెగీనా, మాకు గది ఉందిగా' అని నీకు కనపడకుండా పెరటి దారిన వెళ్ళిపోయాడు."