నల్ల కారు, రెండు బకెట్లు

“కాకా, అది మొఖానికి రాసుకునేది కాదు, కారుకు రాసేది,” అన్నాడు దుకాణం భూపాల్, నవ్వాపుకుంటూ.

రాయమల్లు పట్టించుకోలేదు. పసుపు స్పాంజీని చెంపకు రాసి, వేళ్లతో నొక్కి, పక్కన పడేశాడు.

“దీని బొక్కల్ల బొగ్గుపొడి ఇరుక్కుంటది. ఇరికిందంటే ఇగ అది స్పాంజీ కాదు, గరుకు కాయితం. ఇంకోటి ఇయ్యి.”

గోదావరిఖనిలో గాలి ఎటు తిరిగినా బొగ్గుపొడి తప్పదు. కార్ల మీద పడిన ఆ పొడిని జనం ఎండు గుడ్డతో బరబరా రుద్ది, తుడిచామనుకుంటారు. తుడవడం కాదది, చెక్కడం. చెప్తే ఎవరికీ ఎక్కదు.

భూపాల్ ఒక బ్రష్షు తీశాడు. “ఇది ఫస్టు క్లాసు. అందరు ఇదే కొంటరు.”

“అందరి కార్లు గట్లనే ఉన్నయ్ మరి.”

చివరికి కుచ్చుల గ్లవుజు ఒకటి రాయమల్లుకు నచ్చింది. “ఏ రంగు గావాలె కాకా?” అన్నాడు భూపాల్. “రంగుతోటి నాకేం పని? కుచ్చులు పొడుగున్నది ఇయ్యి.” దానికి తోడు మెత్తని తువ్వాళ్లు రెండు, బకెట్లు రెండు. ఒక బకెట్ సబ్బు నీళ్లకు, ఒకటి గ్లవుజు మురికి కడగడానికి. తువ్వాలు అంచున కుట్టిన లేబుల్ గోటికి తగిలితే, దాన్ని అక్కడే బ్లేడుతో కోయించాడు. అంత చిన్న ముక్క కూడా రంగును గీస్తుందట. భూపాల్ ఓపిక అయిపోయింది.

పక్కనే నిలబడ్డ కూతురు సంతోషికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె సెంటినరీ కాలనీ దగ్గర వాషింగ్ సెంటర్ పెట్టి నెలయింది. ఆడపిల్ల బండ్లు కడుగుడేందని నవ్వినవాళ్లున్నారు గానీ, కారు తెచ్చినవాళ్లు లేరు. నాలుగు బైకులొచ్చాయి, అంతే. రేపు వచ్చేది మొదటి కారు. బదిలీ మీద కొత్తగా వచ్చిన శ్యామ్ అనే ఇంజనీరుది. అదీ నల్ల కారు. నలుపు మీద వెంట్రుకంత గీత కూడా దాగదు.

“గీత పడకుండా కడిగితే క్వార్టర్స్‌లో అందరికీ నేనే చెప్తానండీ. పడితే అదీ చెప్తాను,” అన్నాడతను ఫోన్లో.

“రేపు తేడా వస్తే సెంటర్ మూసుకునుడే బాపూ,” అంది సంతోషి.

“మూసేదుంటే రెండు బకెట్లు ఎందుకు కొంట బిడ్డా? ఫికర్ చెయ్యకు.”

చిన్నప్పటి అలవాటే. తండ్రీకూతుళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు దాటారు.

తెల్లారి ఎనిమిదింటికి శ్యామ్ వచ్చాడు. తాళాలు సంతోషికిచ్చి, కుర్చీలో కూర్చుని ఫోన్లో పడ్డాడు. ఆమె కారుకు చెయ్యి తగలనివ్వకుండా, పంపు నీళ్లు పైనుంచి కిందికి కొట్టింది. నల్ల నీళ్లు కారిపోయాయి. రాయమల్లు గరుకు బాగా తెలియడానికి చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, తడి రేకును వేలికొసలతో మెల్లగా తడిమాడు.

“ఇంక గరగర ఉంది. మళ్ల కొట్టు.”

మళ్లీ కొట్టింది. మళ్లీ తడిమాడు. కారు పట్టుకునే చుట్టూ తిరుగుతూ, వెనక ఎడమ తలుపు దగ్గర ఆగిపోయాడు.

“సార్, జర ఇటు రండి. ఈడ గీత ఉంది. కడగకముందే చూసుకోండి. తర్వాత మా మీదికి రావద్దు.”

శ్యామ్‌కు ఒళ్లు మండింది. “కొత్త కారండీ ఇది. కొని నెల కూడా కాలేదు. గీతలేంటి?” వంగి చూశాడు. ఏమీ లేదు. “ఎక్కడండీ?”

“పిడికి బెత్తెడు కింద. జానెడు పొడుగు.”

బాపు చెయ్యి తప్పు చెప్తే మొదటి కారు ఇప్పుడే వెనక్కి పోతుంది. శ్యామ్ ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పుడు తేలింది, పిడికి బెత్తెడు కింద, సరిగ్గా జానెడు.

“పోయిన వారం ఇంకోచోట కడిగించానండీ. బ్రష్‌తో రుద్దారు,” అన్నాడు గొంతు తగ్గించి.

సంతోషికి ప్రాణం లేచొచ్చింది. గ్లవుజు తొడిగి పని మొదలుపెట్టింది. ఆమె కారుకు అటు పక్క, రాయమల్లు ఇటు పక్క శ్యామ్ దగ్గర.

“గుండ్రంగ తిప్పకు బిడ్డా. పొడుగ్గ గుంజు.”

“అక్కడ ఆవిడ ఎలా రుద్దుతోందో ఇక్కడి నుంచి మీకెలా తెలుసండీ?” శ్యామ్ ఆశ్చర్యపోయాడు.

“చప్పుడు సార్. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసిన. పైకప్పును కర్రతోటి కొట్టి, చెవి పెట్టి వినాలె. గట్టి కప్పుది ఒక చప్పుడు, ఊడేదానిది ఒక చప్పుడు. తేడా తెల్వకపోతే డ్యూటీ నుంచి ఇంటికి రాడు మనిషి.”

తువ్వాలుతో అద్ది ఆరబెట్టేసరికి గంటన్నర పట్టింది. శ్యామ్ లైటు పట్టుకుని పావుగంట వెతికాడు. పాత గీత తప్ప కొత్తది ఒక్కటి దొరికితే ఒట్టు. ఫోటో తీసి, సెంటర్ నంబరుతో సహా ఆఫీసర్ల గ్రూపులో పెట్టాడు. నిమిషాల్లో సంతోషి ఫోన్ మోగడం మొదలైంది. ఈ రోజుకే మూడు కార్లు, రేపటికి ఐదు. నవ్విన నోళ్లన్నీ గుర్తొచ్చి, సంతోషికి తడి గ్లవుజుతోనే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

“పదేళ్ల నుంచి కార్లు వాడుతున్నాను. మీలాంటి పనిమంతుణ్ని చూళ్లేదండీ,” అని శ్యామ్ రాయమల్లు ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

రాయమల్లు నవ్వుతూ నిలబడ్డాడు గానీ ఆ చెయ్యి అందుకోలేదు. శ్యామ్ మొహం చిన్నబోయింది. “ఇందాక కోప్పడ్డానని మనసులో పెట్టుకున్నారాండీ?”

“అదేం లేదు సార్,” అంటూ సంతోషి తండ్రి చెయ్యి పట్టుకుని తెచ్చి, అతని చేతిలో పెట్టింది.

“బాపుకు చూపు పోయి ఆరేండ్లాయె.”