పద్దెనిమిది అంగుళాలు

“ఇదేందన్నా?” అంటూ ఎలిశబెతు ఆ చెక్క పాదాన్ని అరుగు మీద పెట్టింది.

గరిటె చెక్కుతున్న సిలార్ చేతిలో ఉలి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ అతని భార్య జమాల్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ పెరట్లో చెక్కపేళ్ల గుట్ట కింద దొరికింది. కొలిస్తే పద్దెనిమిది అంగుళాలు. ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్ననే మర్యాద కూడా లేకుండా వారం రోజులు నన్ను ఎండలో తిప్పింది ఇదే గదా?”

జువ్వలదిన్నె పోయే అడవి రోడ్డు మీద, సరుగుడు తోపుల మధ్య, ఏదో తిరుగుతోందన్న వార్తకు అది ఎనిమిదో రోజు. మొదట చూసినవాడు ఐసు బండి డ్రైవర్ ముఖేష్. రెండు కాళ్ల మీద నడిచిందనీ, నడుం నుంచి పైకంతా గోధుమ రంగు వెంట్రుకలేననీ, మొహమే లేదనీ చెప్పాడు. మర్నాడు రోడ్డు పక్క ఇసుకలో ఇంతింత అడుగులు కనిపించాయి. టీవీ వాళ్లు దానికి బిగ్‌ఫుట్ అని పేరు కూడా పెట్టేశారు. రోడ్డు వెడల్పు చేసే కూలీలు పొక్లెయిన్‌ను అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నారు.

అది ఉందో లేదో సాయంత్రంలోగా రాసిమ్మని ఎలిశబెతుకు పైనుంచి ఆర్డరు. ఉందంటే పని ఆగుతుంది. లేదంటే రేపు పొద్దున్నే పొక్లెయిన్ కదులుతుంది, పుకారు పుట్టించినవాళ్ల మీద కేసు పడుతుంది.

“కేసు నా మీద రాసుకోండి మేడమ్. ముఖేష్ చూసింది నన్నే,” అంది జమాల్‌బీ.

“మరి ఆ వెంట్రుకలు?”

జమాల్‌బీ పెరట్లోకి వెళ్లి, పొయ్యిలోకి ఏరుకొచ్చిన ఎండు సరుగుడాకు మోపును నెత్తికెత్తుకుంది. సన్నటి గోధుమ రంగు ఆకు జారి మొహాన్నీ, భుజాల్నీ, చేతుల్నీ నడుం దాకా కప్పేసింది. లోపల ఉన్నది ఎవరో తెలిసి కూడా ఎలిశబెతు ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినందుకు తనకే నవ్వొచ్చింది.

“వాడు అట్టా కేకలేసి పోయినాకే మాకు ఈ ఆలోచన తట్టింది,” మోపులోంచే చెప్పింది జమాల్‌బీ. “ఆయన కాలు చెక్కినాడు. నేను ఇసకలో అచ్చులు వేసినా.”

“ఎందుకు చేసినారన్నా ఈ పని?”

సిలార్ తన కుడి మోకాలి కింద ముడేసిన లుంగీ వైపు చూశాడు.

“దీనికోసరం. పోయిన వానాకాలం ఆ రోడ్డులోనే, మూడో కిలోమీటరు రాయి కాడ లారీ గుద్దింది. ఆస్పత్రిలో కాలు తీసేసి, గుడ్డలో చుట్టి నా పెళ్లాం చేతికిచ్చినారు. వొంట్లోది ఏది తీసినా మట్టికి అప్పజెప్పాల, పారెయ్యకూడదు మాలో. పడిన చోటే, ఆ రాయి పక్కనే పూడ్చింది.”

“ఇప్పుడు సరీగ్గా ఆడే తవ్వతారంట,” అంది జమాల్‌బీ. “తోడి టిప్పర్‌కెత్తి యాడ పోస్తారో ఎవురికి తెలుసు? కుక్కలు లాగితే? తీసి వేరే చోట పెడదామంటే, పూడ్చింది మళ్లా తవ్వేదానికి మనసు రాలా మేడమ్.”

ఎలిశబెతు కోపమంతా ఇసుకలో నీళ్లలా ఇంకిపోయింది. సమాధి కదిలించడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు.

“ఆ రాయి చుట్టూ కంచె వేయిస్తాను. రోడ్డు నాలుగడుగులు పక్కకు జరిగితే కొంప మునగదు. కేసూ లేదు, ఏమీ లేదు,” అంది. తర్వాత నవ్వింది. “అయినా అన్నా, అబద్ధమాడేవాళ్లు కాస్త తెలివిగా ఆడాల. అడుగులు సక్కగా మీ దడి దాకా వేసుకుంటారా? పొద్దున వాటెంబడి నడిచొచ్చే గదా మిమ్మల్ని పట్టుకునింది.”

జమాల్‌బీ మోపు కింద పడేసింది.

“దడి దాకానా? మేం రాయి చుట్టూరే వేసినాం మేడమ్. మా ఇల్లు మేమే చూపించుకుంటామా?”

దడి అవతల సరుగుడు తోపు హోరు పెట్టింది.

ఎలిశబెతు జీపు దగ్గరికి వెళ్లి, ఆ పొద్దున దడి పక్కన ఇసుకలో పోసి తీసిన ప్లాస్టర్ అచ్చు తెచ్చింది. చెక్క పాదం పక్కన పెట్టింది. పొడవు సమానంగా ఉంది. బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి ఎదురుగా, చెప్పుల జతలా అమిరాయి.

“ఇది కుడి కాలన్నా. నువ్వు చెక్కిన రెండోది యాడ?”

“రెండోది లేదమ్మా. నా కాలు చూసుకుంటా చెక్కినా. నాకుండేది ఎడమదే గదా. కుడిది గుర్తే రాలా.”

ఎలిశబెతు దడి వైపు తిరిగి చూసింది. రాయి నుంచి ఇక్కడి దాకా తను చూసినవన్నీ కుడి అడుగులే. రెండో కాలు ఎండాకు మీద పడి కనిపించలేదనుకుంది.

సిలార్ అచ్చును ఒళ్లోకి తీసుకుని, ఒక్కో వేలినీ తడుముతూ పోయాడు. చివరి వేలు దగ్గర అతని చెయ్యి ఆగింది.

“చిటికెన వేలు సగమే ఉండాది,” అన్నాడు. “పని నేర్చుకునే వయసులో బాడిస జారి తెగినాది... ఇది నాదే.”

జమాల్‌బీ వచ్చి అతని పక్కన కూలబడింది. బొటనవేలి మొదలు చిటికెన వేలి కొస దాకా తన అరచెయ్యి చాచి ఆ అచ్చును కొలిచింది. ఒక జాన. చెయ్యి జరిపి మళ్లీ కొలిచింది. రెండో జాన.

“నేను పూడ్చినప్పుడు ఈ పాదం ఒక్క జానే ఉండింది మేడమ్,” అంది.