బిందె మీద పేరు

ఇంటింటా ఎక్స్‌రే ఫోన్లు వచ్చాక, గిన్నె కొన్నా కత్తి కొన్నా జనం ముందు లోహం లోపలి అణువుల వరస చూసుకుంటున్నారు. తోటికోడలు వరహాలమ్మ గృహప్రవేశంలో నూకరత్నం తన ఫోన్‌ని ఇత్తడి బిందెకు ఆనించింది.

వేరుపడ్డ రోజున మాయమైన తన పుట్టింటి బిందె అది. ఏదని అడిగినందుకు అప్పట్లో అందరి ముందూ ఆమెచేత కాళ్లు పట్టించి క్షమాపణ చెప్పించుకుంది వరహాలమ్మ.

"దీని మీద నీ పేరెక్కడుందే?" అంది వరహాలమ్మ.

"పైన అరగదీసేశావక్కా. పేరు కొట్టినప్పుడు సుత్తి దెబ్బకి చెదిరిన వరస లోపల అలాగే ఉంటాది."

తెర మీద 'నూకరత్నం' అని తేలింది. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు.

"పట్టుకుపో," గొణిగింది వరహాలమ్మ.

"నాకెందుకక్కా? నువ్వే ఉంచుకో."

నూకరత్నం సంచిలోంచి ఉలి, సుత్తి తీసి, బిందె మీద 'దొంగ' అని కొట్టింది.

"ఇప్పుడు అరగదీసుకో."