ఆకుపచ్చ తెర

ఎల్సీడీ తెరని చూడగానే పిక్సెల్ బాబాయ్‌కి ఒళ్ళు మండింది.

"దీన్నెవరు తెచ్చారండీ? బస్టాండులో టైములు చూపించడానికి పనికొస్తుంది. నా ఆటకి కాదు."

లైబ్రేరియన్ నసిగాడు. "కొత్తదండీ. బొమ్మ శుభ్రంగా ఉంటుందని..."

"పాత కంప్యూటర్ పంపే బొమ్మని ఇది పట్టి సాగదీస్తుంది. మీట నొక్కితే తీరిగ్గా ఆవలించి అప్పుడు కదులుతుంది. అవతల పెట్టండి."

లైబ్రరీలో పాత కంప్యూటర్ల గది ఆ సాయంత్రమే తెరుస్తున్నారు. బల్ల మీద మీటలు పసుపెక్కిన ఇంటి కంప్యూటర్, పక్కన క్యాసెట్ ప్లేయర్. గోడకి గుడ్డ కప్పిన ఇత్తడి ఫలకం, దాని మీద బాబాయ్ పేరు. ఊళ్ళో తయారైన మొట్టమొదటి కంప్యూటర్ ఆట 'గుహలో దొంగ' కుర్రతనంలో బాబాయ్ రాసిందేనని అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకి అతనే పట్టుకుని చెప్పేవాడు. నోటిమాటగా ఉన్న ఆ పేరు ఇవాళ ఇత్తడిలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఇక దిగదు. అతనికి కావలసింది అదే.

లైబ్రేరియన్ పాత కలర్ టీవీ తగిలించాడు.

"అక్షరాలు వానకి తడిసిన పోస్టర్‌లా కారిపోతున్నాయి. దీన్ని మీ ఇంటికి పట్టుకెళ్ళి సీరియళ్ళు చూసుకోండి."

మూడోది బ్యాంకు వాళ్ళు వదిలించుకున్న పసుపు తెర మానిటర్. దాన్ని తగిలించనే లేదు. బాబాయ్ లైబ్రేరియన్ చెయ్యి పట్టుకుని దాని ముందుకి లాక్కెళ్ళాడు.

"చూశారా? స్విచ్ వెయ్యకుండానే బ్యాంకు మెనూ చదవొచ్చు. ఏళ్ళ తరబడి ఒకే బొమ్మ పెట్టుకు కూర్చున్నారు మహానుభావులు. లోపలి పూత కాలి మచ్చ పడిపోయింది. ఆ మచ్చ ఇక ఈ జన్మకి పోదు. కంప్యూటర్ కొన్నారు గానీ ఆర్పడం నేర్చుకోలేదు."

"మరి ఏది పెట్టమంటారు?" లైబ్రేరియన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"ఆకుపచ్చ తెర. ఈ ఆట పుట్టినప్పుడు ఎలాంటి తెర మీద పుట్టిందో అలాంటిదే ఉండాలి. లేకపోతే ఫలకం మీద గుడ్డ తియ్యనివ్వను."

వెనక కుర్చీలోంచి అతని చెల్లెలు చిట్టి లేచింది. బట్టలు కుట్టే కొట్టు మధ్యలో కట్టేసి వచ్చినట్టుంది, మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"అలాంటిదెందుకన్నయ్యా, అదే ఉంది మా అటక మీద. నాన్న టైపు నేర్పే కొట్టులో వీధివైపు అద్దాల కిటికీలో ఈ ఆట వేసి పగలూ రాత్రీ వెలిగించి పెట్టేవాడు, జనం ఆగి చూస్తారని."

"నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను, నాకేం తెలుసు? పనిచేస్తుందా? దాని మీద కూడా కుట్టుమిషను పెట్టేశావా?"

చిట్టి ఇంటికి వెళ్ళి మానిటర్‌ని దుప్పటిలో చుట్టి మోసుకొచ్చింది. గాజు ముందు నల్లటి జాలీ ఒకటి బిగించి ఉంది. కళ్ళు పాడవకూడదని ఆ రోజుల్లో అందరూ పెట్టుకునేదే. తీగ తగిలించారు. బాబాయ్ తెచ్చిన క్యాసెట్ కాసేపు గీపెట్టింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు లేచాయి. పైన 'గుహలో దొంగ', కింద బాబాయ్ పేరు.

"ఇదీ బొమ్మంటే," అన్నాడు బాబాయ్. "ఈ జల్లెడెందుకు మధ్యన?" అని జాలీ ఊడబీకి పక్కన పడేశాడు.

లైబ్రేరియన్ వంగి చూశాడు. "పై వరుస దివ్యంగా ఉందండీ. మీ పేరున్న వరుసే కాస్త అలుక్కుపోయినట్టుంది."

"కళ్ళద్దాలు తుడుచుకోండి."

జనం వచ్చారు. పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి ఆట మొదలుపెట్టి మూడో గదిలో ఇరుక్కుపోయింది. "సార్, ఇక్కణ్ణుంచి బయటికెలా రావాలి?"

"ఆడటం మీ పనమ్మా. రాయడం నా పని."

"కుడివైపు గోడ ఉత్తుత్తిదే," అంది చిట్టి వెనకనించి. "నెట్టు."

గోడ తెరుచుకుంది.

"పనీపాటా లేక ఆడీ ఆడీ నేర్చుకుంది లెండి," అన్నాడు బాబాయ్. జనం నవ్వారు. చిట్టి మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది.

ముఖ్య అతిథి గుడ్డ లాగాడు. ఇత్తడి మీద బాబాయ్ పేరు తళతళలాడింది. చప్పట్లు మోగాయి. బాబాయ్ కళ్ళు చెమర్చాయి, అందులో నటన ఏమీ లేదు. ఇంతకాలం ఎదురుచూశాడు మరి. కళ్ళు తుడుచుకుంటూ బల్ల వైపు చూసేసరికి ఆట ఎప్పుడో ఆగిపోయి, తెర మీద మొదటి బొమ్మే కదలకుండా నిలబడి ఉంది. ఆనందమంతా ఆవిరైపోయింది.

"ఏమండీ లైబ్రేరియన్ గారూ, మీకెన్నిసార్లు చెప్పాలి? ఒకే బొమ్మ నిలబెడితే తెర కాలిపోతుందని ఇందాకే కదా మొత్తుకున్నాను."

"ఆర్పేస్తానండీ."

"మీరు ముట్టుకోకండి. అందరూ ఇలా దగ్గరికి రండి. పాత తెరని ఎలా కాపాడుకోవాలో చూసి నేర్చుకోండి."

జనం బల్ల చుట్టూ మూగారు. పత్రిక అమ్మాయి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తోంది. బాబాయ్ గొంతు సవరించుకుని అందరి ముందూ స్విచ్ నొక్కాడు. ఆకుపచ్చ వెలుగు చుక్కంతై ఆరిపోయింది.

పడమటి కిటికీలోంచి ఎండ పడుతున్న ఆ ఆరిన గాజు మీద, కాలిన మచ్చగా మిగిలిన 'గుహలో దొంగ' కింద, సరిగ్గా అతని పేరు వెలిగిన చోటే, ఎవరైనా చదవగలిగేలా ఇంకో వరుస కాలి ఉంది: 'రచన - చిట్టి, తొమ్మిదో తరగతి.'