ఫైవ్ స్టార్ బాబాయి

ఆ దంపతులు ఇల్లు చూడ్డానికి రాలేదు. కొనడానికే వచ్చారు. వెబ్‌సైట్లో ముప్ఫై రెండు ఫొటోలూ ఒక వీడియో చూసి మనసు పారేసుకున్నారు. భర్త సంచిలో అడ్వాన్సు చెక్కు కూడా సిద్ధంగా ఉంది.

గేటు తీసిన పెద్దాయన్ని ఆ అమ్మాయి “బాబాయిగారూ” అంది. వచ్చినవాళ్ళంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. మనమూ అలాగే అనుకుందాం.

బాబాయికి పొద్దుట్నుంచీ ఒకటే దిగులు. ఇంటి ఓనరు వేరే ఊళ్ళో ఉంటాడు. వెబ్‌సైట్లో బాబాయి నంబరే ఇచ్చాడు. ఇవాళ తెల్లారుతూనే ఫోన్ చేసి తేల్చేశాడు.

“ఎనిమిది నెలలైందండీ. ఇవాళ కూడా బేరం కుదరకపోతే ఇల్లు చూపించే పని ఆ వెబ్‌సైటు కుర్రాళ్ళకే అప్పజెప్పేస్తా. ఏమీ అనుకోకండి.”

అందుకే బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

“ఫొటోల్లో అందరం అందంగానే పడతామమ్మా. ఇంటి గుణం ఇంట్లో తిరిగితేగానీ తెలీదు. రండి.”

పడగ్గదిలో మంచం పక్కకి లాగి గోడ చూపించాడు. “చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ. గీకించి మందు పూయించినా, వానాకాలం రాగానే అలిగెళ్ళిన అల్లుడిలా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.”

“ఫొటోలో కనబళ్ళేదే!” అన్నాడు భర్త.

“మంచం అడ్డముంది కదా బాబూ.”

స్నానాలగదిలో కుళాయి తిప్పాడు. “ఇద్దరి వరకూ ఫరవాలేదు. మూడోవాడు నీళ్ళు పోసుకోవాలంటే ఆ పూట ఆఫీసు ఎగ్గొట్టాల్సిందే.”

పడమటి గది తలుపు తీశాడు. “మధ్యాహ్నం మూడు దాటాక ఇందులో తడిబట్టలు ఆరేసుకోవచ్చు. మనుషులుండటం కష్టం.”

కిటికీ రెక్క తోసి పక్క రేకుల షెడ్డు చూపించాడు. “వెల్డింగు షాపు. ఇవాళ సెలవు. రేపట్నుంచి మీరేమన్నా మీ ఆవిడకి వినబడదు. కొందరికదీ లాభమేననుకోండి.”

భర్త నవ్వబోయి భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఆమెకి ఏడో నెల. పొట్ట మీద చెయ్యేసుకుని ఆ షెడ్డు వంకే చూస్తోంది.

“పురుడయ్యాక బిడ్డ నిద్రపోవాలిగా బాబాయిగారూ, ఈ మోతలో ఎలా?” అంది.

“అది మాత్రం నన్నడక్కమ్మా. ఉన్నమాట చెప్పాను. ఒక్క అక్షరం అబద్ధముంటే వీధిలో ఎవర్నైనా అడుగు.”

చెక్కు సంచిలోంచి బయటికి రాలేదు. వెళ్తూ వెళ్తూ భర్త బాబాయి చేతులు రెండూ పట్టుకున్నాడు. “మా కొంప మునిగేది. ఈ రోజుల్లో ఇంత నిజం ఎవరు చెప్తారండీ!”

అరగంటలో ఓనరు ఫోను.

“ఇదీ పోయిందటగా?”

“పోయింది సార్. మీరన్నట్టే ఆ కుర్రాళ్ళకి…”

“ఆగండాగండి! ఇప్పుడే సైటు చూశా. వచ్చిన పదకొండు పార్టీలూ మీకు అయిదుకి అయిదు స్టార్లిచ్చారు. ఇవాళ్టివాళ్ళయితే అరపేజీ రాశారు, మీలాంటి మనిషి భూప్రపంచంలో లేడని. లోపం ఇంటిది గానీ మీది కాదు. ఇంకెవరికీ ఇవ్వను. అమ్ముడయ్యేదాకా మీరే చూపించాలి. కాదనకండి.”

“మీ మాట ఎప్పుడన్నా కాదన్నానా సార్!”

ఫోన్ పెట్టేసి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, బాబాయి పెరట్లో ఉన్న పెళ్ళాన్ని కేకేశాడు: “ఏమేవ్, ఇంకో ఇల్లు వెతుక్కునే పని లేదు, ఈ ఏడూ మన అద్దె ఇక్కడే!”